ఉప్పు దగ్గర ఆగిన శాంతి చర్చలు

దేశాల మధ్య శాంతి ఎలా కుదురుతుందో నాకు తెలియదు. తిరువూరులో మా కాంపౌండులో మాత్రం రెండు పోర్షన్ల మధ్య శాంతి లేకపోతే ఆ ఏడాది ఆవకాయ ఉండదు. ఒక పోర్షన్లో అన్నయ్య, వదిన; రెండోదాంట్లో నేను, మా ఆవిడ.

పోయినేడు పెట్టిన జాడీల్లో ఒకటి బూజు పట్టింది. అలాంటిలాంటి బూజు కాదు, దువ్వి జడ వేయొచ్చు. వదిన ఉప్పు తక్కువ వేయడం వల్లే అలా అయిందని మా ఆవిడ వినగడపలో పెళ్ళి పంక్తిలో కూర్చుని అంది. పెరుగు వడ్డించేలోపే ఆ మాట వదిన చెవిన పడింది. అంతే, మాటలు బంద్. కాంపౌండులో ఎంత నిశ్శబ్దమంటే, మా కుక్క కూడా గేటు బయటికెళ్ళి మొరిగి వచ్చేది.

ఇంతలో మామిడికాయల రోజులొచ్చాయి. ఆవపిండి, కారం పాళ్ళు మా ఆవిడవి. ఉప్పు, నూనె వదినవి. ఒకరి కొలత రెండోవారికి తెలియదు. అయినా నేనూ అన్నయ్యా తెగించి, రెడ్డిగూడెం నుంచి బస్తాడు కాయలు తెచ్చి, దారిలోనే ముక్కలు కొట్టించేశాం. ఆ పూటే కలపకపోతే ముక్కలన్నీ పారబోయాల్సిందే. ఏడాదంతా ముద్దపప్పు అనాథలా మిగిలిపోతుంది.

గత్యంతరం లేక ఇద్దరూ వసారాలో దిగారు. బేసినుకు అటు వదిన, ఇటు మా ఆవిడ. ఇద్దరికీ మధ్య మూరెడు దూరం. ఆ మూరెడూ మాటలు మోయడానికి మేమిద్దరం రాయబారులం.

"ఏవండీ, ఆవపిండి జల్లించలేదని మీ మరదలికి చెప్పండి," అంది వదిన.

"రెండుసార్లు జల్లించానని బావగారితో చెప్పించండి," అంది మా ఆవిడ నాతో.

పాపం అన్నయ్య అక్షరం పొల్లుపోకుండా మోశాడు. చొక్కా తడిసిపోయింది.

తర్వాత వదిన ఉప్పు పోసింది. మా ఆవిడ ఒక ముక్క నాలిక్కి రాసుకుంది.

"ఇది చాలదని మీ వదినగారికి చెప్పండి. మళ్ళీ బూజు పెంచుతారేమో అడగండి."

ఆ మాట మోస్తే ముక్కలు దిబ్బకే. అందుకని కాస్త తేనె పూశాను. "వదినా, నీ చేతి ఉప్పంటే దానికి ప్రాణమట. ఇంకొంచెం వేయమంటోంది."

బేసినులో నాలుగు చేతులూ ఆగిపోయాయి.

"నేనలా అన్నానా?" మా ఆవిడ గిర్రున తిరిగింది. "అక్కా, నువ్వే చెప్పు, నేనలా అన్నానా?"

"ఎక్కడన్నావే! బూజు అన్నావు. నా చెవులారా విన్నాగా!"

"చూశావా? పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంతేనక్కా. నేనొకటంటే ఈయనొకటి చెప్తాడు."

"మీ బావగారు మాత్రం తక్కువా? అసలా బూజెందుకు పట్టిందనుకున్నావ్? తడి గరిటె పెట్టుంటారు వీళ్ళు!"

"ఇద్దరూ పెట్టుంటారక్కా!"

విచారణ లేదు, సాక్షుల్లేరు. దోషులం ఖరారైపోయాం. "లేవండి, అవతలికి పొండి," అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో. వెనక్కి చూస్తే వదిన ఇంకో దోసెడు ఉప్పు పోస్తోంది, మా ఆవిడ చాలు చాలంటోంది.

గుమ్మం బయట కూర్చున్నాం. కాసేపటికి బేసిను అడుగున అంటుకున్న కారంలో వేడన్నం వేసి కలుపుతున్న వాసన వచ్చింది. అన్నయ్య గుటకేశాడు.

"మగాళ్ళకి ఉంచాలా అక్కా?" మా ఆవిడ గొంతు.

"ముందు నువ్వు తినవే. మిగిలితే చూద్దాం."

మేం చేతులు కడుక్కుని వచ్చి మళ్ళీ అక్కడే కూర్చున్నాం.