నిచ్చెనగారి కుడి భుజం

చెప్పుల దుకాణంలో అతన్ని అందరూ నిచ్చెన అనే పిలిచేవారు. మనిషి అంత పొడుగు. నేల నుంచి పైకప్పు దాకా అట్టపెట్టెలు పేర్చిన ఆ కొట్టులో ఎక్కడానికి కనీసం ఒక పీట కూడా ఉండేది కాదు. ఎవరైనా పైవరసలో జత అడిగితే అతను మునివేళ్ళ మీద లేచి, కుడిచెయ్యి చాపి, చుట్టుపక్కల పెట్టెలు ఉలిక్కిపడకుండా కావలసినదాన్ని మాత్రం లాగేవాడు. ఆ విన్యాసం చూడ్డానికే కొందరు పిల్లలు పై పెట్టె వైపు వేలు చూపించి మారాం చేసేవారు. కొట్టు యజమాని వయసులో చిన్నవాడు. తండ్రి పోయాక వ్యాపారం చేతికొచ్చింది. చిన్నప్పుడు నిచ్చెన భుజాలెక్కి తిరిగినవాడు కాబట్టి ఇప్పటికీ ‘బాబాయ్’ అనే పిలుస్తాడు. కొత్త ఖాతాదారులొస్తే, అదేదో తన ఘనతే అయినట్టు, బాబాయ్ చేత పై పెట్టె తీయించి మురిసిపోయేవాడు.

ఒక చలికాలం ఆ కుడి భుజం మొరాయించింది. చెయ్యి కిందికి వేలాడుతుంటే ఏ బాధా లేదు. పూర్తిగా పైకి వెళ్ళిపోయినా పరవాలేదు. మధ్యలో, భుజం ఎత్తుకు వచ్చే చోట మాత్రం ఎవరో లోపల సూది పెట్టి తిప్పినట్టుండేది. చొక్కా తొడుక్కోవడం ఒక యుద్ధం. కుడివైపు తిరిగి పడుకుంటే మూలుగు.

“ఏమైందండీ?” అని భార్య అడిగితే, “దోమ” అన్నాడు.

“దోమ కుడితే అంత మూలుగా? అది దోమా, పందికొక్కా?”

నిచ్చెన దుప్పటి ముసుగేశాడు. ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు. చెబితే పేరుకు పేరు పోతుంది, పరువుకు పరువు పోతుంది. చెయ్యి సహకరించకపోతేనేం, నోరు బాగానే ఉందిగా అనుకున్నాడు.

మర్నాడు ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చి, పైవరసలో ఉన్న నల్ల బూట్లు చూపించమన్నాడు. నిచ్చెన ఒకసారి పైకి చూశాడు. తర్వాత ఆయన పాదాల వంక చూసి జాలిగా తల ఊపాడు.

“నలుపు మీరు వేసుకోకూడదు సార్.”

“అదేంటి?”

“మీది హుందా అయిన పాదం. నలుపులో పెడితే ఉందో లేదో తెలీదు. అంత పాదాన్ని దాచుకుంటారా?”

ఆ మాట అంటూనే ఎడమచేత్తో, నడుమెత్తు అరలోంచి, గోధుమరంగు జత తీసి ముందు పెట్టాడు. బ్యాంకు ఉద్యోగి తన పాదాలకేసి తనే మర్యాదగా చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

అలా మొదలైంది. ఎర్ర చెప్పులడిగిన పంతులమ్మకు గోధుమరంగు. స్నానాలగదిలోకి రబ్బరు చెప్పులడిగిన పెద్దాయనకు గోధుమరంగు తోలు చెప్పులు. నడుమెత్తు అరలో ఏముంటే అదే అందరికీ నప్పేది. ఎండాకాలం వచ్చేసరికి ఆ వీధిలో తలొంచుకుని నడిస్తే ఎటు చూసినా గోధుమరంగే.

యజమాని ఇది గమనించకపోలేదు.

“బాబాయ్, జనానికి గోధుమరంగు పిచ్చి పట్టింది చూశావా?”

“కాలం మారుతోంది చినబాబూ” అని నిచ్చెన నడుమెత్తు అర సర్దసాగాడు.

చినబాబు ఊరుకుంటాడా? ఆ వారమే ఒక వ్యాను నిండా గోధుమరంగు సరుకు దింపించాడు. కింది అరలన్నీ నిండిపోయాయి కదా, మిగతావన్నీ వ్యానువాళ్ళ చేత పైకప్పుకు ఆనేలా పేర్పించి, “నీకు అందుతాయిలే బాబాయ్!” అన్నాడు సంతోషంగా. ఉన్న నల్లవి, తెల్లవి వాటి వెనక్కి పోయాయి.

మర్నాడు చినబాబు కొట్టులో లేనప్పుడు ఒకావిడ వచ్చి తెల్ల కాన్వాసు బూట్లు కావాలంది. నిచ్చెన తన మామూలు పాట అందుకున్నాడు. పప్పులుడకలేదు.

“నా పాదం ఎలాంటిదో నాకు తెలుసు అంకుల్. తెల్లవే ఇవ్వండి.”

ఇక గత్యంతరం లేక గొడుగు తెచ్చి, దాని వంపు పిడిని ఎడమచేత్తో పెట్టెకు తగిలించి లాగాడు. తగిలించింది ఒకదానికి, కదిలింది వరసంతా. గోధుమరంగు బూట్లు వానలా కురిశాయి. అలవాటుకొద్దీ కుడిచెయ్యి అడ్డం పెట్టబోయి, కెవ్వుమని కూలబడ్డాడు.

ఆవిడ పెట్టెలు తప్పించుకుంటూ దగ్గరికొచ్చింది. “పెట్టెలు నెత్తిన పడితే భుజం పట్టుకున్నారేం అంకుల్?”

ఆవిడ ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించి నొప్పులు తగ్గించే ఫిజియోథెరపీ డాక్టరమ్మ. అక్కడికక్కడే చెయ్యి పక్కనుంచి మెల్లగా ఎత్తించింది. ఎక్కడ మొహం మాడిందో, ఎక్కడ మళ్ళీ తేటపడిందో చూసింది. “రేపు రండి. మా పెద్ద డాక్టరుగారు కూడా చూడాలి” అని చెప్పి, తెల్ల బూట్లు తనే వెతుక్కుని వెళ్ళింది.

పెద్ద డాక్టరు చూసి, ఏదీ తెగలేదని చెప్పి ఆవిడ గదికే పంపాడు. ఆవిడ వివరంగా చెప్పింది. “భుజం మీద ఎముక చిన్న కప్పులా ఉంటుంది. దాని కింద ఇరుకు సందులోంచి, కండను ఎముకకు కట్టిపట్టే తాడులాంటి స్నాయువు ఒకటి పోతుంది. ఇన్నేళ్ళు చెయ్యి పైకెత్తి ఎత్తి అది అలిసి రేగిపోయింది. ఎత్తినప్పుడల్లా ఆ సందులో నొక్కుకుంటోంది.”

“కోస్తారామ్మా?”

“కొయ్యం. బలం పెంచుతాం.”

బలమంటే ఇనుప గుండ్లు మోయిస్తారనుకున్నాడు. ఆవిడ చేతిలో పెట్టింది ఒక సాగే రబ్బరు పట్టీ. ఒక కొస తలుపు గొళ్ళేనికి కట్టాలి. చుట్టిన తువ్వాలు మోచేతికీ పక్కటెముకలకీ మధ్య పెట్టుకుని, రెండో కొసను బయటివైపుకు లాగాలి. వీపు మీది రెక్క ఎముకలు రెండూ దగ్గరకొచ్చేలా భుజాలు వెనక్కి తియ్యాలి. అరచెయ్యి గోడకు ఆనించి పైకి పాకించి, నిదానంగా దించాలి.

“ఇంతేనా?” అన్నాడు నిచ్చెన చిన్నబుచ్చుకుని.

“ఇంతే. కాకపోతే వారాల తరబడి చెయ్యాలి. చేసేటప్పుడు కొంచెం నొప్పుంటే ఫరవాలేదు. మర్నాటికీ తగ్గకపోతే జోరు తగ్గించి నాకు చెప్పండి. కొట్టులో కొన్నాళ్ళు పీటెక్కి తియ్యండి.”

“నిచ్చెనకి పీటా!”

“నిచ్చెన మరమ్మతులో ఉందని చెప్పండి.”

ఇంట్లో పట్టీని వంటింటి తలుపుకు కట్టాడు. భార్య అటునుంచి తలుపు తోసిన ప్రతిసారీ ఇతను గోడకు అతుక్కుపోయేవాడు. అదొక బాధ. లాగితే భుజం సణగడం మరో బాధ. దాంతో అతని బుర్రకొక ఉపాయం తట్టింది. ఎలాగూ పట్టీ లాగమన్నారు, లాగుతున్నాం కదా అని ఎడమచేత్తో లాగడం మొదలెట్టాడు. “అయిందా?” అని భార్య లోపల్నుంచి అడిగితే, “అయింది, చెమటలు పట్టాయి” అనేవాడు. చెమట నిజమే.

కొన్ని వారాలకు డాక్టరమ్మ రెండు చేతుల బలమూ పరీక్షించింది. మళ్ళీ పరీక్షించింది.

“విచిత్రంగా ఉందే. నొప్పి లేని ఎడమ భుజం ఎద్దులా తయారైంది. కుడిది మాత్రం ఉన్నచోటే ఉంది. అంకుల్, పట్టీ ఏ చేత్తో లాగుతున్నారు?”

నిచ్చెన ఎడమచెయ్యి వెనక్కి దాచుకున్నాడు. పక్కనే ఉన్న భార్య, “ఏవండీ!” అంది. ఒక్క మాటే. దారిలో వినబోయేదంతా అందులోనే ఉంది.

ఆ రోజు నుంచి భార్య కూరగాయల పళ్ళెం, కత్తి పట్టుకుని ఎదురుగా కుర్చీ వేసుకునేది. “మెల్లిగా దించండి. బస్తా పడేస్తున్నారా?” “భుజం చెవి దాకా ఎందుకెళ్తోంది? రహస్యం చెబుతోందా?” కత్తి చేతిలో ఉన్న మనిషితో వాదించడం ఎందుకని నిచ్చెన చెప్పినట్టే చేశాడు.

ఇంతకంటే కష్టం చినబాబుకు నిజం చెప్పడం. పీట ఎందుకో చెప్పాలి కదా. భుజం సంగతి చెబుతుంటే గోధుమరంగు సంగతి కూడా దానంతటదే బయటికొచ్చేసింది. చినబాబు తన కాళ్ళకేసి చూసుకున్నాడు. గోధుమరంగు బూట్లు.

“అయితే బాబాయ్, నాది హుందా అయిన పాదం అన్నావు...?”

“అది మాత్రం నిజం చినబాబూ.”

చినబాబుకు కోపం రావాల్సిన చోట నవ్వొచ్చింది. నవ్వుతూనే పీట తెప్పించాడు. ఎక్కువగా అడిగే జతల్ని నడుమెత్తుకు దింపించి, ఎవరూ అడగనివి పైకెక్కించాడు. గోధుమరంగు సరుకు వదిలించుకునేసరికి వానాకాలం వెళ్ళిపోయింది.

భుజం మాత్రం ఒక్కసారిగా బాగవలేదు. మొదట చొక్కా తేలికైంది. తర్వాత తల దువ్వుకోవడం. మధ్యలో ఒక వారం ఉత్సాహం ఎక్కువై పట్టీని తెగలాగితే నొప్పి తిరగబెట్టి, డాక్టరమ్మ చేత చీవాట్లు తిన్నాడు. చలి మళ్ళీ మొదలయ్యే రోజుల్లో ఆవిడ చెయ్యి ఎత్తించి చూసి, “ఇక నా దగ్గరికి రానక్కర్లేదు. పట్టీ మాత్రం మానకండి” అంది.

ఆ సాయంత్రం ఆలుమగలు సిటీబస్సులో ఇంటికి బయల్దేరారు. బస్సు దాదాపు ఖాళీ. భార్య కిటికీ పక్కన కూర్చుంది. నిచ్చెన మాత్రం పైకమ్మీని కుడిచేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

“సీట్లున్నాయి కదండీ, కూర్చోండి” అంది కండక్టరమ్మ.

“నిలబడనివ్వమ్మా, బాగుంది.”

“ఆయనకేమైనా అయిందా?” అని కండక్టరమ్మ మెల్లిగా భార్యను అడిగింది.

“ఏం కాలేదు తల్లీ, అదే ఆయన సంతోషం” అని ఆవిడ పక్కసీట్లో సంచీ పెట్టుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది.