యోరున్ నడుముకున్న సంచి

మా లోయలో ఎవరు పోయినా ముందుగా వచ్చేది యోరున్. చిన్న కత్తితో శవం గోళ్ళు కత్తిరించి, పొయ్యిలో వేసి, చేతులు కడుక్కుని, పెట్టిన పెరుగు తిని వెళ్ళిపోతుంది. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. కత్తిరించకుండా వదిలేసిన శవాల గోళ్ళన్నీ పోగేసి కింది లోకంలో ఓడ కడుతున్నారు. అది పూర్తయిన రోజున, ఆకాశంలో సూర్యుడి వెంటపడ్డ తోడేలు అతణ్ణి మింగుతుంది, ఆ ఓడెక్కి రాక్షసులు వస్తారు, దేవుళ్ళు కూడా మిగలరు.

నాకు మాత్రం ఆమె మీద ఎప్పుడూ అనుమానమే. నడుముకున్న ఆ తోలుసంచిని ఎవరినీ ముట్టుకోనివ్వదేం? గోళ్ళన్నీ నిజంగా పొయ్యిలోకే పోతున్నాయా? అందుకే నా తొమ్మిది నెలల పాప పోయినప్పుడు ఆమెను గుమ్మంలోనే ఆపేశాను.

"నా బిడ్డ సంగతి నేను చూసుకుంటాలే, నువ్వెళ్ళు."

"సరే తల్లీ, మర్చిపోకు మరి" అంది.

ఆ ఏడు చలికాలం పోనే లేదు. గడ్డి మొలవలేదు, గొర్రెలు చచ్చాయి. పెద్దరైతు హావర్ భయపడి జోస్యం చెప్పే ముసలామెను పిలిపించాడు. కోడి ఈకల దిండు మీద కూర్చుని, మేకపాల జావ గిన్నెడు లాగించి, అప్పుడు కళ్ళు మూసుకుంది మహాతల్లి.

"ఈ లోయలో ఒకరు గోళ్ళతోనే మట్టిలోకి పోయారు" అంది.

అందరూ యోరున్ వైపు తిరిగారు.

"నేననుకుంటూనే ఉన్నా!" అన్నాడు హావర్. "ఎవరివి దాచావే? సంచి విప్పు. తేలిందా, ఇవాళే నిన్ను లోయ దాటించేస్తాం."

ఆ మంచులో, ఆ వయసులో లోయ దాటడమంటే చావడమే. యోరున్ సంచి మూతి విప్పింది. కత్తి, సానరాయి, ఎండుచేప ముక్క.

"ఇంట్లో దాచుంటుంది, దొంగముండ!" అన్నారెవరో.

ఆమె నావైపు ఒక్కసారి చూసింది. ఈ లోయలో తను ముట్టని చేతులు ఎవరివో ఆమెకు తెలుసు. అయినా నోరు విప్పలేదు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"నా పాపవి!" అని అరిచాను. "కత్తి పట్టుకున్నాను. ఆ చిట్టి వేళ్ళు చూస్తే చెయ్యి ఆడలేదు. అలాగే పాతిపెట్టేశాను."

యోరున్ హావర్ వైపు తిరిగింది.

"దీనికా ఇంత గోల? ఆ పసిదాని గోళ్ళన్నీ కలిపినా ఓడకి ఒక్క చీల రాదు" అంది. తర్వాత నా దగ్గరకొచ్చింది. "పదవే, వెళ్ళి గోళ్ళు తీసేద్దాం. చెయ్యి నువ్వు పట్టుకో, కత్తి నేను పడతాను."

మంచు తవ్వడానికి పార తెస్తానంటూ, ఆ సంచిని నడుము నుంచి విప్పి నా చేతిలో పెట్టింది.