తిరగేసి పెట్టిన స్లైడు

నా చిన్నప్పుడు రాంబిల్లి వైపు సముద్రపొడ్డున ఉన్న మా ఊళ్ళో, తెర మీద బొమ్మ కదలకపోతే మిషను పాడైందనుకునేవాళ్ళం. అలాంటి ఊరికి మా పక్కింటి అక్క స్లైడు ప్రొజెక్టరు తెచ్చింది. ఆమె అప్పుడు టీచరు ట్రైనింగు చదువుతోంది. తుఫాను వస్తే ఇళ్ళు వదిలి మెరక మీదున్న డాబా బడికి ఎలా చేరాలో ఊరివాళ్ళకి చెప్పమని తాసీల్దారు ఆఫీసువాళ్ళు ఆమెకి పని అప్పజెప్పారు.

మా ఇంట్లో చిక్కంతా నాన్నమ్మతోనే. "సంద్రం నాకేటి కొత్తా? నానెక్కడికీ రాను" అనేది. ఆమె కదలకపోతే నాన్న కదలడు, నాన్న కదలకపోతే అమ్మ కదలదు. నన్నెవరూ అడగలేదు గానీ, మునిగితే నేనూ వాళ్ళతోనే మునగాలి.

మొదటి రోజు సాయంత్రం బడి గోడకి దుప్పటి కట్టి అక్క చాలా స్లైడులు వేసింది. అన్నిటి నిండా రాతే. ఉన్నదున్నట్టు చదివి వినిపించింది. చదువొచ్చినవాళ్ళు ఆమె కంటే ముందే చదివేసి కబుర్లలో పడ్డారు. రానివాళ్ళు హాయిగా నిద్రపోయారు. చివర్లో ఏం అర్థమైందని అడిగితే, పాటలు లేవా అని అడిగారు. అక్క ముఖం చూస్తే నాకే జాలేసింది.

మరుసటి వారం ఒక్క స్లైడే తెచ్చింది. అది మా వీధి ఫొటో. చర్చి పక్కనుంచి బడికి పోయే సందు, దాని మీద సిరాతో బాణం గుర్తు. తెర మీద మా వీధే కనిపించేసరికి అందరూ నిటారుగా కూర్చున్నారు. కాసేపటికి నాన్నమ్మ లేచింది.

"ఏటే అమ్మా, మన సర్చి అటేపుకి ఎప్పుడెళ్ళిపోయింది?"

"కూకో అత్తా, అడ్డం వత్తన్నావు" అన్నాడు వెనకనుంచి ఒకాయన.

"నువ్వు కూకోరా! ఆ బాణం ఎంట ఎళ్తే తిన్నగా ఉప్పుటేట్లో పడతాం. అదేనా సదువు?"

నిజమే. స్లైడు తిరగబడి, కుడి ఎడమైంది. బడంతా ఒకటే గోల. అక్క మాత్రం ఏమీ ఎరగనట్టు, "అలాగేటి మామ్మా? మరెటెళ్ళాలో నువ్వే సూపించు" అంది. నాన్నమ్మ తెర దగ్గరికెళ్ళి, తన నీడ వీధంతా పరుచుకోగా, ఎక్కడ మలుపు తిరగాలో, ఎక్కడ నీళ్ళు ముందుగా ఎక్కుతాయో వేలు పెట్టి చూపించింది. ఆ రోజు ఎవరూ నిద్రపోలేదు.

ఆ ఏడే తుఫాను వచ్చింది. గాలి మొదలవగానే నాన్నమ్మ చేపల బుట్టలో గిన్నెలు సర్దుకుని అందరికంటే ముందు బయల్దేరింది. రానన్నావు కదా అని నాన్న అడిగితే, "దారి సెప్పింది నానే కదరా, నాను లేకపోతే ఈళ్ళంతా ఏట్లో పడిపోరా" అంది. మర్నాటికి మా ఇంటికి పైకప్పు లేదు, రెండు గోడలూ లేవు. ఇంట్లో మనుషులం కూడా లేకపోవడం కొంత నయమైంది.

"స్లైడు తిరగబడిందా, నువ్వే తిప్పేవా?" అని తర్వాత అక్కని అడిగాను. "నోర్మూసుకుని ఈ పెట్టె మొయ్యి" అంది. మోశాను. చాలా బరువు. నాకు అంతకంటే సమాధానం అక్కర్లేకపోయింది.

ఇప్పుడు నేను అనకాపల్లిలో ఉంటూ, అచ్యుతాపురం వైపు ఫ్యాక్టరీల్లో సేఫ్టీ క్లాసులు చెబుతుంటాను. ఏసీ గది, మెత్తటి కుర్చీలు, లైట్లు ఆర్పేస్తారు. మనిషిని నిద్రపుచ్చడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు నేనింకా చూడలేదు. అయినా స్లైడుల్ని తిట్టను. ఆ బొమ్మే లేకపోతే మా నాన్నమ్మకి వేలు పెట్టడానికి చోటు ఉండేది కాదు. అందుకే రాతంతా తీసేసి, వాళ్ళ ఫ్యాక్టరీ ఫొటోలే వేస్తాను. వాటిలో ఒకదాని మీద, మంటలొస్తే పరిగెత్తాల్సిన దారి చూపే బాణాన్ని క్యాంటీన్ వైపు తిప్పి పెడతాను.

అందరూ కళ్ళు చిట్లించి తెర వైపు చూస్తారు. అప్పుడు నాకు అక్క గుర్తొస్తుంది. ఇంతలో వెనక వరసలో ఎవరో ఒకరు లేస్తారు. "సార్, అటేపు దారి లేదండి, గోడుంది."

"అలాగా? మరెటెళ్ళాలో మీరే చూపించండి" అంటాను, ఏమీ ఎరగనట్టు.