నాలుగు పొరల షాఫ్టు, మధ్యలో టీ

రాయగడలో ఒక చిన్న రిపేరు వర్క్‌షాపులో నేను ఫోర్మన్‌గా ఉన్న రోజుల్లో మా ఆవిడకి లోకంలో ఒకే ఒక శత్రువు ఉండేది. అది మనిషి కాదు, ఊళ్లోని బియ్యం మిల్లులో యంత్రాన్ని తిప్పే ఇనప ఇరుసు, షాఫ్టు.

ఆ షాఫ్టు బేరింగు కూర్చునే చోట అరిగిపోయేది. కొత్తది తెప్పించాలంటే నెలలు పట్టేది. అందుకని అరిగిన చోట వెల్డింగుతో పొర మీద పొర ఇనుము పోసి, లేతు మిషను మీద సాపు చేసి, పాత కొలతకి తెచ్చేవాళ్లం. ఇప్పుడు యంత్రాలే ఇలా పొరలు పేర్చి ఏకంగా వస్తువులు తయారు చేస్తున్నాయని ఈమధ్య పేపర్లో చదివి, మా వెల్డరు కాస్త ముందు పుట్టేశాడు పాపం అనుకున్నాను. చిక్కల్లా ఒకటే. మేం పోసిన పొరలు ఎన్నాళ్లు ఆగుతాయో ఎవరికీ తెలిసేది కాదు. ఒకసారి మూడు నెలలు, ఒకసారి పదిహేను రోజులు.

షాఫ్టు విరిగితే మిల్లు షావుకారు మనిషి నేరుగా నా దగ్గరికే వచ్చేవాడు. అలా మా బొబ్బిలి ప్రయాణం రెండుసార్లు ఆగిపోయింది. మొదటిసారి రిక్షాలోంచే దింపేశారు. రెండోసారి కొరాపుట్ వైపు నుంచి వచ్చే రైలు ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసింది కూడా. ఆ తర్వాత బొబ్బిలిలో మా ఆవిడ చెల్లెలి గృహప్రవేశం వచ్చింది. ముహూర్తానికి ఇంకా మూడు నెలలుంది.

"ఈసారి కూడా ఆ ఇనప కడ్డీ ఇరిగిపోనాదంటే నానొక్కదాన్నే ఎల్లిపోతాను. మా ఆయన షాఫ్టుని పెళ్లి సేసుకున్నారని మా సెల్లికి సెప్పేస్తాను," అంది.

చదువుకునే రోజుల నుంచీ నాకు డైరీ రాసే అలవాటు. ఆరేళ్ల డైరీలు దింపి, షాఫ్టు బాగు చేసిన ప్రతిసారికీ ఒక చుక్క చొప్పున గ్రాఫు కాగితం మీద పెట్టాను. పొరల మందానికీ ఆగిన రోజులకీ ఏమైనా సంబంధం ఉందా? లేదు. ఎన్ని రాడ్లు వాడాం? తేలలేదు. వానాకాలమా, వేసవా? చుక్కలు చల్లిన ఆవాల్లా పడ్డాయి.

మా ఆవిడ వచ్చి, తన రెండు ప్రయాణాలూ చెడగొట్టిన రిపేర్ల పేజీలు తీసి పైకి చదివింది. "రెండు పొరలు పోశాం. టీ, బజ్జీలు, నలభై నిమిషాలు. మిగతా రెండు పొరలు పోశాం." రెండో పేజీలోనూ అంతే. అక్కడ బజ్జీల బదులు బొండాలు.

"ఏటండీ ఇది? షాఫ్టు సేసేరా, టీ పార్టీ సేసేరా? మీ టీయే దాన్ని సంపేసినాది!"

ఆవిడ ఎగతాళికే అంది. నేను మాత్రం టీ నిమిషాలు ఒక పక్కా, షాఫ్టు ఆడిన రోజులు ఒక పక్కా వేసి చుక్కలు పెట్టాను. అన్నీ దిగుడు మెట్లలా వరసగా నిలబడ్డాయి. టీ పెరిగితే ఆయుష్షు తరిగింది. మేం బజ్జీలు తింటుంటే వేడి షాఫ్టు చల్లారిపోయేది. ఆ పైన పోసిన పొర దగ్గర పగులు పుట్టేది.

మర్నాడు వెల్డరుకి చెప్పాను, నాలుగు పొరలయ్యేదాకా టీ లేదని.

"టీ నేకుండా నాలుగు పొరలా గురువుగారూ? షాఫ్టు ఇరగదేమో గానీ నాను ఇరిగిపోతాను."

"మధ్యలో చల్లారకూడదయ్యా."

"అలాగైతే దాన్నొగ్గేసి మనం టీ కొట్టుకి ఎల్లడమెందుకు? టీనే ఇక్కడికి తెండి!"

షాఫ్టు మళ్లీ రిపేరుకి రాగానే ఇటుకలు పేర్చి, దాని కింద బొగ్గులు రాజేసి, ఒక చివర టీ గిన్నె పెట్టాం. వెల్డరు ఒక పొర పోసి, పైన కట్టిన పెంకు సుత్తితో కొట్టి, బ్రష్షుతో రుద్ది, ఒక గుక్క తాగేవాడు. టీ కాస్త ఇనుము వాసన వేసింది.

నా గ్రాఫు ప్రకారం ఈ షాఫ్టు అయిదు నెలలు ఆగాలి. టిక్కెట్లు తీసుకుందామని మా ఆవిడతో అన్నాను.

"ఇరిగితే?"

"విరగదు."

"రాసియ్యండి."

డైరీలో రాసి సంతకం పెట్టాను.

బొబ్బిలిలో పూజ జరుగుతుండగా మూడుసార్లు ఎస్టీడీ బూత్‌కి వెళ్లాను. మూడోసారి షావుకారు కేకలేశాడు. "తిరుగుతోందండీ బాబూ! మీరు ఫోన్ సేసినప్పుడల్లా నాను మిల్లులోంచి పరిగెత్తుకురావాలి. అది ఇరగదు గానీ నా కాళ్లిరిగిపోతాయి!"

అయిదు నెలలు నిండిన రోజు డైరీ పట్టుకుని మిల్లుకి వెళ్లి బస్తా మీద కూర్చున్నాను. సాయంత్రం దాకా షాఫ్టు తిరుగుతూనే ఉంది.

"మా మిల్లు సావు సూడ్డానికొచ్చేరేటండీ?" అన్నాడు షావుకారు.

ఆ ఏడూ విరగలేదు, మరుసటేడూ విరగలేదు. తర్వాత ఆయన కొత్త యంత్రం కొని, షాఫ్టుని విరక్కుండానే మూల పడేశాడు. నా పట్టికలో "విరిగిన తేదీ" అన్న గడి ఖాళీగా మిగిలిపోయింది. గ్రాఫు మీద ఆ చుక్క ఎక్కడ పెట్టాలో తెలియక ఇంట్లో చాలాసార్లు విసుక్కున్నాను.

"ఇరగనేదని ఏడిసే మనిసిని మిమ్మల్నే సూసేను," అంది మా ఆవిడ.

కొన్నాళ్లకి ఆ డైరీ తీస్తే, ఆ గడిలో ఆవిడ గుండ్రటి అక్షరాలు కనిపించాయి. "బొబ్బిలి వెళ్లొచ్చాం." పైగా ఇంకుతో రాసింది. నా డైరీల్లో కొట్టివేతలుండవు కాబట్టి అలాగే ఉంచాను.