ఇస్త్రీ పెట్టిన జెర్సీ

ఆడవాళ్ళ ఫుట్‌బాల్ లీగ్‌లో రెండో అంచె అంటే ఎవరూ చూడని ఆట. షార్జా ఏలుబడిలోని కల్బా ఊళ్ళో మా జట్టు ఆడుతుంటే చుట్టూ ఇరవై మంది చేరితే గొప్ప. నర్సులు, టీచర్లు, సూపర్ మార్కెట్లో బిల్లు కొట్టే పిల్లలు సెలవు రోజున వచ్చి ఆడేవాళ్ళు. వాళ్ళ బట్టలు ఉతకడం నా పని. మిగతా రోజులన్నీ ఒక అరబ్బు ఇంట్లో చాకిరీ. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. చేసిన తప్పును అందంగా రాయడం నాకు రాదు.

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది. మా జట్టులో వెనక కాపు కాసే నెల్లూరు పిల్ల ఒక క్లినిక్‌లో నర్సు. ఆ క్లినిక్ మూతపడింది. నెలాఖరుకు వీసా ఖలాస్. పై అంచె జట్టు కోచ్ ఒకామె ఈ పిల్ల ఆట చూడడానికి వస్తానన్నది. నచ్చితే జట్టులో చోటు, దాంతోపాటు ఉద్యోగం. చూసేది ఒక్క ఆటే.

మామూలుగా జెర్సీలు ఆరేసి మడత పెట్టేదాన్ని. ఆ రోజు పై జట్టు కోచ్ చూస్తుంది కదా అని ఆ పిల్ల జెర్సీకి ఒక్కదానికే ఇస్త్రీ పెట్టాను. అరబ్బు మగవాళ్ళు తొడిగే తెల్ల పొడుగు చొక్కాలు, కందూరాలు, ఇరవై ఏళ్ళు తోమిన చెయ్యి, పెట్టెను పూర్తి వేడి మీద పెట్టింది. వీపు మీది అంకె కరిగి పెట్టెకు అంటుకుపోయింది. ఆసుపత్రి ప్లాస్టర్ కత్తిరించి అంకెలా అతికించాను. అడిగినవాళ్ళకు ఉతుకులో ఊడిందని చెప్పాను.

రెఫరీ చూసి, ఊడితే బయటికి పంపుతానని చెప్పి ఆడనివ్వడానికి ఒప్పుకుంది. ఇరవై నిమిషాలకే చెమటకు ప్లాస్టర్ వేలాడింది. సరిచేసుకుని రమ్మని పిల్లను బయటికి పంపారు. బదులు దింపడానికి మనిషి లేదు. నేను తుడుస్తున్నాను, అతికిస్తున్నాను. తడి గుడ్డకు అది పట్టదు.

"యల్లా ఖాలా, బిరీన" అంటోంది పిల్ల. అరబ్బీలో పిన్నమ్మ అని, జట్టంతా నన్ను ఖాలా అనే పిలిచేది.

మా మేనేజరు హైదరాబాదీ. "ఏం ఖాలా, పెండ్లిపిల్లకు జడ ఏస్తున్నవా?" అంది.

అంతలో ఆమె కాయాల్సిన చోటు నుంచే గోల్ పడింది. వెంటనే ఇంకొకటి. పిల్ల లోపలికి వెళ్ళేసరికి పై జట్టు కోచ్ కారు తాళాలు చేతిలోకి తీసుకుంది. సగం ఆటకే వెళ్ళిపోయింది. మళ్ళీ కబురు రాలేదు.

నెలాఖరున పిల్ల ఇంటికి పోతుంటే షార్జా ఎయిర్‌పోర్టుకు టాక్సీలో తోడు వెళ్ళాను. దారిలో చెప్పేశాను.

"అంకె ఉతుకులో పోలేదు మే. నేనే ఇస్త్రీ పెట్టి కాల్చినా."

"తెలుసు ఖాలా. జెర్సీ చేతులకి కందూరా మడత పెట్టుండావు గదా, కత్తి మాదిరి. తొడుక్కోంగానే తెలిసింది."

"తెలిసీ నోరు మూసుకున్నావా?"

"చెప్పుంటే మేనేజరు నిన్ను మళ్ళా రానిస్తాదా? నేను ఎట్టాగూ పోయేదాన్నే."

"ఎట్టాగూ అనొద్దు. ఆ పొద్దు నువ్వు లోపలుంటే ఆ గోల్స్ పడేవి కావు."

ఆ పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. దిగాక ట్రాలీ మీద సూట్‌కేసు పెట్టుకుని, నా చెయ్యి ఒకసారి పట్టుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు నెల్లూరులో ఒక ఆసుపత్రిలో చేస్తోంది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. ఆడుతున్నావా అని అడిగితే, డ్యూటీలతో తీరిక లేదంటుంది.