ఫగ్గా కోసం తవ్వితే

బుసైతీన్ అనే అరబ్బుల ఊళ్లో నేను వంట చేసే ఇంట్లో పెద్దావిడని అందరూ ‘మామా’ అనేవారు, అంటే అక్కడ అమ్మ అని. మా కాకినాడ వైపు మామ అంటే మేనమామ. ఆవిడని అలా పిలవడానికి నాకు చాలా రోజులు నోరు రాలేదు. ఆవిడ భర్త ఒకప్పుడు బొంబాయితో వ్యాపారం చేసేవారట, అందుకని ఆవిడ నాకంటే మంచి హిందీ మాట్లాడేది.

ఎనభైల్లో ఒక చలికాలం ఉరుములతో పెద్ద వాన పడింది. ఆరేసిన బట్టల కోసం నేను పరిగెడుతుంటే, ఆవిడ వాకిట్లో నిలబడి హాయిగా తడుస్తోంది.

“జలుబు చేస్తుంది మామా, లోపలికి రండి!”

“ఉరిమింది విన్నావా? ఇక ఫగ్గా వస్తుంది!” అంది.

నేల లోపలే పెరిగే పుట్టగొడుగుని అక్కడ ఫగ్గా అంటారు. కొన్ని వారాలు ఆగి, ఒక శుక్రవారం నన్ను ఎడారికి తీసుకెళ్లింది. బండి తోలింది ఆ ఇంటి డ్రైవరు, నేను తమ్ముడూ అని పిలిచే కరీంనగర్ కుర్రాడు.

బండి దిగి నోరు తెరిచాను. ఎప్పుడూ బూడిద రంగులో ఉండే నేల మీద నూగులాంటి గడ్డి, పసుప్పచ్చ పూలు. మా అలికిడికి పొదలోంచి ఒక కుందేలు దూకి పారిపోయింది.

“మట్టి ఉబ్బి పగిలిన చోట తవ్వు” అని మామా నా చేతికి ఇనప చువ్వ ఇచ్చింది. ఆత్రంలో నేను పగులుకీ బొరియకీ తేడా చూసుకోలేదు. చువ్వ పెట్టి కదపగానే లోపల్నించి ముళ్ల తోక ఒకటి ఛెళ్లున ఊగింది.

“అమ్మో, మొసలి!” వెల్లకిలా పడ్డాను.

“మొసలి గాదక్కా, ధబ్ అంటరు. మన ఉడుము లెక్కుంటది. గడ్డి తింటది, ఏం జెయ్యది” అన్నాడు తమ్ముడు. అంటూనే బండెక్కి తలుపేసుకున్నాడు.

మామా నవ్వలేక ఇసుకలో కూలబడింది. కాస్త తేరుకున్నాక, “పాపం దాని ఇల్లు పడగొట్టావు. సరిచెయ్యి” అని, బొరియ ముందు పడ్డ మట్టంతా నా చేతే తీయించింది.

ఆ తర్వాత ఒళ్లు దగ్గర పెట్టుకుని వెతికాను. ఒక పగులు కింద వేళ్లకి గుండ్రంగా తగిలింది. మట్టి దులిపితే బంగాళదుంపంత ఫగ్గా! నా కేకకి తమ్ముడు కూడా బండి దిగొచ్చాడు. ఎండ నెత్తికెక్కేసరికి బుట్ట సగం నిండింది.

ఇంటికొచ్చాక మామా కొన్నిటిని నెయ్యిలో ఉల్లిపాయలతో వేయించింది. మిగతావి నేను చింతపండు, పచ్చిమిర్చి వేసి పులుసు పెట్టాను. మొదటి ముద్దకే మామాకి కళ్లూ ముక్కూ కారాయి. నీళ్లు తాగింది, ముక్కు తుడుచుకుంది, మళ్లీ వడ్డించమని కంచం నా ముందుకు జరిపింది.