మిమిక్రీ మామకు సంగటి ముద్ద

పొయ్యి మీద రాగిసంగటి గెలుకుతుంటే, ఫోన్ వీడియోలో ఒక కుర్రాడు తన పెళ్ళాం వంట మీద జోకులు వేస్తున్నాడు. ఆ జోకులకు, ఈ సంగటి వాసనకు చిన్నప్పటి పుంగనూరు వినాయక చవితి పందిరి గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం, ఏటా మా పందిట్లో నవ్వించే మిమిక్రీ మామ మైకు పట్టుకుని, మొహంలో నవ్వనేది లేకుండా అన్నాడు: "మా ఇంటామె సేసిన సంగటి ముద్ద సెయ్యి జారి పడితే కుప్పం గ్రానైటు బండ పగిలిపాయప్పా! ఆయమ్మేమో ముద్దకు దెబ్బ తగిలిందేమోనని సూస్తాండాది!"

పందిరంతా పడీపడీ నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. పాపం, రోజూ ఏం తింటాడు? ఇంటికి పరిగెత్తి, అమ్మ చేసిన మెత్తటి ముద్ద, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి గిన్నెలో పెట్టుకుని స్టేజీ వెనక్కి తీసుకెళ్ళాను.

అక్కడ ఆయన భార్య కూర్చుని ఉంది. నేను గిన్నె ఎందుకు తెచ్చానో విని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"ఆ బండ మాట సెప్పమనిందే నేను పాపా!"

మామ స్టేజీ దిగొచ్చాక, ముద్దను ఆలుమగలిద్దరూ పంచుకుని తిన్నారు.

మరుసటేడు ఆయన మైకు పట్టుకోగానే, "పోయినేడు మీరంతా నవ్వినారు. ఒక పాప మాత్రం సంగటి తెచ్చింది," అన్నాడు. స్టేజీ వెనకనుంచి ఆమె నవ్వు అందరికంటే ముందు వినిపించింది.

ఈ ఫోన్ కుర్రాడూ బాగానే నవ్విస్తున్నాడు. వాళ్ళావిడ నవ్వు మాత్రం ఇంకా వినబడలేదు.